తనంతట తానే ఆరే దీపం

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు, లెక్కలు చెప్పుకునేవాళ్ళం. ఇరవై ఏళ్ళుగా పిల్లల ముందు ‘బర్ఖ్’ అని అలవాటైన నోటికి ‘విద్యుచ్ఛక్తి’ అనే మాట సులువుగా తిరగదు. మధ్య మధ్య ఉర్దూ దొర్లితే మన్నించవలసిందని మనవి. అసలు ఉర్దూలోనే మాట్లాడుదామనుకున్నాము గాని, కరెంటు బిల్లు తెలుగులో వస్తున్నప్పుడు దాని సంగతి కూడా తెలుగులోనే చెప్పాలని కార్యదర్శి సాహెబ్ అన్నారు. అదీ న్యాయమే.

విషయం మేము ఎంచుకున్నది కాదు. ఈ ఏడాది మన వీధుల్లో ఒక కొత్త వేడుక మొదలైంది. మనిషి గదిలోకి పోతే లైటు తనంతట వెలుగుతుంది, బయటికి వస్తే కాసేపటికి ఆరిపోతుంది. దాన్ని సెన్సారు అంటున్నారు. ఒకరి ఇంట చూసి ఒకరు కొంటున్నారు. మన హాలుకు కూడా పెట్టిద్దామా అని కార్యవర్గంలో మాట వచ్చింది. ‘మాస్టారూ, మీరు సైన్సు కదా, చూసి చెప్పండి’ అని ఆ బరువు మా నెత్తిన పెట్టారు. రెండు నెలలు మా ఇంట్లోను, చుట్టాల ఇళ్ళలోను మీటర్లు చదివి, కాగితం మీద లెక్కలు వేసుకొని ఇక్కడికి వచ్చాము.

మా చిన్నతనపు ఇంటితో మొదలుపెడతాము. రెండు గదులకు నడుమ గోడలో రెండు ఇటుకలు తీసి, ఆ సందులో ఒక 60 వాట్ల బల్బు వేలాడదీశారు. ఇటు వంటిల్లు, అటు మేము చదువుకునే గది. ఒక్క బల్బుకు రెండు గదులు. మీలో నలభై దాటిన వాళ్ళు చాలామందికి ఇలాంటి బల్బు గుర్తుండే ఉంటుంది. అది ఊరికే వెలుగుతూ కనిపిస్తే మా అమ్మ ఎక్కడున్నా వచ్చి ఆర్పేది. ‘ఇస్రాఫ్, బేటా’ అనేది, అంటే దుబారా అని. ఆ ఇంటికి ఆటోమేటిక్ స్విచ్చు మా అమ్మే.

ఆ రోజుల్లో అది సరైన లెక్క. 60 వాట్ల బల్బు రాత్రి 5 గంటలు ఊరికే వెలిగితే నెలకు 9 యూనిట్లు. ఆ వెలుతురే ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు ఇస్తున్నది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఇడి బల్బులు పంచిపెట్టారు. మన ఇళ్ళలోకి కూడా మొదట అలాగే వచ్చాయి. ఈ బల్బు అవే 5 గంటలు ఊరికే వెలిగితే నెలకు 1.35 యూనిట్లు. అంటే లైటు ఆర్పడం వల్ల వచ్చే ఆదా ఏడో వంతుకు పడిపోయింది. మన అలవాటు మాత్రం ఆ 60 వాట్ల కాలంలోనే ఆగిపోయింది. సెన్సార్ల గొడవ అంతా ఈ ఒక్క ముడిలోనే ఉన్నది.

యూనిట్ అంటే ఏమిటో పిల్లల కోసం ఒక మాట. 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 100 వాట్లది పది గంటలు నడిచినా ఒక యూనిటే. మన జిల్లాలోనే ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో రాయలసీమ థర్మల్ కేంద్రం ఉన్నది. 1994లో మొదటి యంత్రం నడిచింది, ఇప్పుడు మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లు. రైలు బండ్లలో బొగ్గు తెచ్చి కాల్చి కరెంటు తీస్తారు. ఒక యూనిట్‌కు అటూ ఇటూగా ముప్పావు కిలో బొగ్గు పడుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు 150 కిలోల బొగ్గు కాల్చినట్లు లెక్క. ఆ బొగ్గును మూటలు కట్టి మన గుమ్మంలో దించితే ఎవరూ వదిన చెప్పకుండానే పంకా ఆర్పుతారు. తీగలో వస్తున్నది గనుక కంటికి ఆనదు.

ఇక ధర. 2022-23 సంవత్సరానికి మన రాష్ట్రంలో నియంత్రణ మండలి ఇచ్చిన పట్టికను లెక్కకు తీసుకున్నాము. మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి 1 రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. ఇది మెట్లెక్కడం లాంటిది. నెలకు 240 యూనిట్లు కాల్చిన ఇంటికి ఫిక్సెడ్ చార్జీలు, పన్నులు, సర్దుబాట్లు వగైరా కాకుండా కరెంటు ఖరీదే 1148 రూపాయలు. ఆ ఇల్లు 40 యూనిట్లు తగ్గించుకుంటే 867. మొదటి 40 యూనిట్ల ఖరీదు 87 రూపాయలైతే, చివరి 40 యూనిట్ల ఖరీదు 281. ఆదా చేసిన యూనిట్ ఎప్పుడూ పై మెట్టు మీద నుంచే దిగుతుంది. అందుకని ‘నాలుగు యూనిట్లు తగ్గితే ఏమొస్తుంది’ అనేవాళ్ళు తమ ఇల్లు ఏ మెట్టు మీద నిలబడి ఉన్నదో బిల్లులో ముందు చూసుకోవాలి.

ఇప్పుడు ఇంట్లో అసలు తినేది ఎవరో చూద్దాము. లైటు కాదు. పంకా. మన కడపలో ఫిబ్రవరి ఆఖరున స్విచ్చు వేస్తే అది దీపావళి దాకా తిరుగుతూనే ఉంటుంది. పాత రకం సీలింగు ఫ్యాను 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 14 గంటల చొప్పున తిరిగితే నెలకు 94 యూనిట్లు దాటుతుంది. బిఎల్‌డిసి అనే కొత్త రకం మోటారు ఫ్యాను దాదాపు అంతే గాలిని 30 వాట్ల లోపలో, కాస్త అటూ ఇటూగానో ఇస్తుంది. అవే మూడు ఫ్యాన్లు, అవే గంటలు, 38 యూనిట్లు. నెలకు 56 యూనిట్ల తేడా. ఒక్కో ఫ్యాను రెండున్నర వేల నుంచి మూడున్నర వేల దాకా అవుతుంది, నిజమే. మూడూ ఒకేసారి మార్చనక్కరలేదు. ఎక్కువ గంటలు తిరిగేది, అంటే పడక గదిది, ముందు మార్చండి. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యాన్లకు నక్షత్రాల చీటీ తప్పనిసరి అయింది. అంగడిలో ఆ చీటీ చదివి కొనండి. రంగు చూసి కాదు.

పాత పెట్టె రెగ్యులేటరు ఇంకా కొన్ని ఇళ్ళలో గోడకు వేలాడుతున్నది. దాన్ని తిప్పి ఫ్యాను వేగం సగం చేస్తే కరెంటు కూడా సగమైందని మన ఆడవాళ్ళు, మగవాళ్ళు కూడా అనుకుంటారు. చెయ్యి పెట్టి చూడండి, పెట్టె వెచ్చగా ఉంటుంది. మిగిలిందనుకున్న కరెంటులో మంచి భాగం ఆ వేడికింద పోయింది. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో ఈ బాధ లేదు, వేగం తగ్గితే వాడకమూ బాగానే తగ్గుతుంది.

ఇంకొక సంగతి. పంకా గదిని చల్లబరచదు. అది మన ఒంటి మీది చెమటను ఆర్పి మనకు చల్లగా అనిపిస్తుంది. మనిషి లేని గదిలో తిరిగే పంకా ఎవరినీ చల్లబరచదు సరికదా, మోటారు వేడి గదిలోనే వదులుతుంది. ‘వచ్చేటప్పటికి గది చల్లగా ఉంటుందని వేసి వెళ్ళాను’ అని మా బడిలో ఒక సోదర ఉపాధ్యాయుడు అన్నాడు. ఆయన సైన్సు చెప్పడు లెండి.

మరి ఈ సెన్సార్లు? మా తోడల్లుడు ఉన్నాడు, ఉత్సాహవంతుడు. ఒక్కొక్కటి 600 రూపాయల చొప్పున ఎనిమిది సెన్సార్లు కొని ఇంట్లో ప్రతి లైటుకూ పెట్టించాడు. 4800 రూపాయలు, ఎలక్ట్రీషియన్ కూలి వేరే. ఆ ఇంట్లో అన్నీ 9 వాట్ల ఎల్‌ఇడి బల్బులే. ఒక్కో బల్బు రోజుకు 3 గంటలు ఊరికే వెలిగేదనుకుందాము, అంతకన్న ఎక్కువేమీ లేదు. నెలకు 0.81 యూనిట్. అయితే సెన్సారు మేలుకొని కాపలా కాయాలి కదా, దానికీ తిండి కావాలి. అర వాటు తీసుకున్నా, పగలూ రాత్రీ నెల పొడుగునా 0.36 యూనిట్. మిగిలింది 0.45. ఎనిమిదింటికీ కలిపి 3.6 యూనిట్లు, 6 రూపాయల మెట్టు మీద నెలకు 21 రూపాయల 60 పైసలు. పెట్టిన 4800 వెనక్కి రావడానికి పద్దెనిమిదేళ్ళు దాటుతుంది. ఆ సెన్సారు అంతకాలం బతకదు. అర వాటుకు బదులు ఒక వాటు తినే రకమైతే ఆదా అనేదే దాదాపు ఉండదు.

పైగా మా మరదలు మగ్గం పని చేస్తుంది. మగ్గం ముందు కూర్చుంటే వేళ్ళు తప్ప మనిషి కదలదు. కదలని మనిషి సెన్సారుకు లేనట్లే. పది నిమిషాలకోసారి లైటు ఆరిపోవడం, ఆమె సూది పట్టుకున్న చేతినే బస్సు ఆపినట్లు పైకెత్తి ఊపడం, మళ్ళీ వెలగడం. నాలుగు రోజులు చూసి ఐదోనాడు దాని మీద గుడ్డ కప్పింది. గుడ్డ కప్పితే లైటు అసలే వెలగలేదు. చివరకు పాత స్విచ్చే మళ్ళీ పెట్టించారు.

ఆ ఇంట్లో టీవీని రిమోటుతో ఆర్పి పడుకుంటారు. సెట్‌టాప్ బాక్సు మాత్రం రాత్రంతా ఎర్ర కన్ను తెరుచుకొని ఉంటుంది. పాత రకానివి అలా ఊరికే ఉన్నా 10 వాట్ల దాకా లాగుతాయి, నెలకు 7 యూనిట్లు. ఎనిమిది సెన్సార్లు ఆదా చేసిన దానికి రెండింతలు. గోడ స్విచ్చు ఆర్పితే చాలు, దానికి ఖర్చు లేదు.

లెక్క ఇక్కడే ముగించి ‘సెన్సారు దండగ’ అని చెప్పి దిగిపోవచ్చు. అలా చేస్తే మేము సగం నిజం చెప్పినవాళ్ళమవుతాము. మిగతా సగం మా ఇంట్లో జరిగింది. చెప్పడానికి మాకు కష్టంగానే ఉన్నది.

మూడేళ్ళ కిందట మే నెలలో మా ఇంటి బిల్లు ఎన్నడూ లేనంత వచ్చింది. పంతుళ్ళకు గొంతు పెద్దది కదా, వరండాలో నిలబడి బిల్లు గట్టిగా చదివాము. ఎవరు ఏ లైటు వదిలేశారో పేరు పేరునా లెక్క తీశాము. మా అమ్మ ఒక పక్కన కూర్చొని వింటున్నది. ఆమెకు డెబ్బై దాటాయి. ఎవరినీ అననట్లే అన్నాము గాని, ఆమె తనను అన్నట్లు తీసుకున్నది. ఆ వారంలోనే ఒక రాత్రి సహరీ వేళకు ఇంకా గంట ఉందనగా లేచి, లైటు వేయకుండా, గోడ పట్టుకొని బాత్రూముకు బయలుదేరింది. వరండా చివర ఒక చిన్న మెట్టు ఉన్నది. నలభై ఏళ్ళుగా ఎక్కి దిగిన మెట్టే. పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, నాలుగు నెలల మంచం. అల్లా దయవల్ల ఇప్పుడు వాకరు పట్టుకొని నడుస్తున్నది.

ఆసుపత్రి వరండాలో కూర్చొని మేము ఆ లెక్క వేశాము. ఊరికే ఉండలేక వేశాము. 9 వాట్ల బల్బు, పోయి రావడానికి 2 నిమిషాలు. ఒక యూనిట్ కరెంటుతో అలా 3300 సార్లు వెళ్ళి రావచ్చు. రోజుకు మూడుసార్లు లేచినా మూడేళ్ళు. ఆ మూడేళ్ళ వెలుతురు ఖరీదు 6 రూపాయలు. దాన్ని ఆదా చేయడానికి ఆమె చీకట్లో నడిచింది. నేర్పింది ఆమే, నిజమే. కాని ఆ వారం దాన్ని ఆమెకు తిరిగి అప్పజెప్పింది మేము.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ఒకే ఒక సెన్సారు లైటు ఉన్నది. అమ్మ మంచం నుంచి బాత్రూము దాకా ఉన్న దారిలో, గోడకు మోకాలి ఎత్తున. రాత్రి ఆమె కాలు కింద పెడితే అది వెలుగుతుంది, మెట్టు కనిపిస్తుంది, మూడు నిమిషాలకు ఆరిపోతుంది. స్విచ్చు వెతకనక్కరలేదు, ‘ఎందుకు వేశావు’ అని అడిగేవాడు లేడు. దాని వల్ల కరెంటు ఆదా అవుతుందా అంటే పెద్దగా కాదు. ‘నేను లేస్తే లేస్తుంది, పండుకుంటే పండుకుంటుంది, ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కటే’ అంటుంది మా అమ్మ. మేము నోరెత్తము.

అంటే ఏ చోట చెయ్యి స్విచ్చును మరిచిపోతుందో, ఏ చోట చెయ్యికి స్విచ్చు అందదో ఆ చోటికే ఈ యంత్రం. మనిషి కూర్చొని పని చేసే గదికి కాదు. మెట్ల కింద, బయటి గేటు దగ్గర, పెద్దవాళ్ళ దారిలో. మెట్లకైతే సెన్సారు కూడా అక్కరలేదు, కింద ఒకటి పైన ఒకటి టూవే స్విచ్చు వేయిస్తే సరిపోతుంది. కింద వేసి ఎక్కుతాము, పైన ఆర్పుతాము. ఇది పాత విద్య, చవక. కొత్తదాని మోజులో మరిచిపోయాము.

కొనేవాళ్ళు ఎలాగూ కొంటారు గనుక అది ఎలా పని చేస్తుందో చెప్పవలసి యున్నది. సాధారణంగా అమ్మే పిఐఆర్ రకం సెన్సారు తనంతట ఏ కిరణమూ పంపదు. మన ఒంటి వేడి కంటికి కనిపించని కిరణాలుగా వస్తూనే ఉంటుంది. తెల్లటి ప్లాస్టిక్ బుడిపెలో గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయే, అవి గదిని ముక్కలుగా విడదీస్తాయి. వెచ్చటి ఒళ్ళు ఒక ముక్కలో నుంచి ఇంకో ముక్కలోకి పోతే అది కనిపెడుతుంది. కదలకపోతే కనిపెట్టదు. మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉన్నది. మే నెలలో గోడే ఒంటి వేడికి వస్తుంది. ఒళ్ళూ గోడా ఒకే వేడి మీద ఉంటే సెన్సారుకు చూపు మందగిస్తుంది. చలికాలంలో అంగడివాడు చూపించిన పనితనం ఎండాకాలంలో ఉండకపోవడానికి కారణం ఇదే, అతను మోసం చేశాడని కాదు. రాడార్ రకం ఒకటి ఉన్నది, అది ఎండకు లొంగదు గాని పలుచటి తలుపు, చెక్క గోడ దాటి కూడా చూస్తుంది. పక్క గదిలో అత్తగారు నడిస్తే ఈ గదిలో కోడలికి లైటు వెలుగుతుంది. అది ఏ ఇంటికి మంచిదో మీరే చూసుకోండి.

బయటి గేటు లైటుకు వేరే రకం కావాలి. వెలుతురును చూసి పని చేసేది. పొద్దు గుంకితే వేస్తుంది, తెల్లవారితే ఆర్పుతుంది. ఇక్కడ నిజంగా ఆదా ఉన్నది, ఎందుకంటే గేటు లైటు మధ్యాహ్నం దాకా వెలగడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. ఎండలో అది కంటికి కనపడదు. 20 వాట్ల లైటు పగలంతా 12 గంటలు వెలిగితే నెలకు 7 యూనిట్లు.

మా తొమ్మిదో తరగతి పిల్లలు బడి సైన్సు ప్రదర్శనకు ఇదే చేశారు. చిన్న వెలుతురు కన్ను, దాన్ని ఎల్‌డిఆర్ అంటారు, ఒక ట్రాన్సిస్టరు, ఒక బల్బు. అట్టపెట్టెతో ఇల్లు. గది కిటికీలు మూసేసరికి బల్బు వెలిగింది, వెంటనే ఆరింది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. ‘సార్, బల్బు కన్ను కొడుతోంది’ అని ఒకడు అరిచాడు. చూడడానికి వచ్చిన అతిథుల ముందు మాకు చెమటలు పట్టాయి. ఏమయిందంటే, పిల్లలు ఆ కన్నును బల్బుకు ఎదురుగానే అంటించారు. చీకటి పడింది అని అది బల్బు వేసింది. బల్బు వెలుతురు చూసి తెల్లవారింది అని ఆర్పింది. కన్నును ఇంటి వెనక్కి తిప్పి అంటిస్తే సరిపోయింది. మన వీధిలో రెండు గేట్ల మీద ఇప్పుడు ఇదే జరుగుతున్నది. ఎవరివో చెప్పము, రాత్రి నడిచి వెళ్ళేవాళ్ళకు తెలుసు.

పంకాకు తనంతట ఆరే ఏర్పాటు ఎక్కడ పనికొస్తుందంటే తెల్లవారుజామున. రాత్రి పదికి ఉక్కపోత గనుక నిండు వేగంతో వేస్తాము. నాలుగింటికి చల్లబడుతుంది, దుప్పటి మెడ దాకా లాక్కుంటాము గాని లేచి పంకా తగ్గించము. 75 వాట్ల ఫ్యాను అలా 3 గంటలు తిరిగితే నెలకు 6.75 యూనిట్లు. రిమోటు ఉన్న బిఎల్‌డిసి ఫ్యాన్లలో చాలావాటికి ఇన్ని గంటల తర్వాత ఆరమని చెప్పే వీలు ఉన్నది. నిద్రపోయేవాడి చెయ్యి స్విచ్చుకు అందదు గనుక ఇది మేము పైన చెప్పిన లెక్కలోకే వస్తుంది. అయితే పసిపిల్లలు, జబ్బు మనుషులు పడుకునే గదిలో, నడి ఎండాకాలంలో ఈ ప్రయోగం చేయకండి.

తీగల సంగతి రెండు మాటలు. రెండు తీగల సెన్సారును పాత స్విచ్చు పెట్టెలో పెడితే, ఆర్పినా ఎల్‌ఇడి బల్బు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. సెన్సారు తన తిండిని బల్బు గుండా లాక్కుంటున్నది. న్యూట్రల్ తీగ వేయించి మూడు తీగల రకం పెట్టాలి. లైటు సెన్సారును ఫ్యానుకు తగిలించకూడదు. అది ఎన్ని వాట్లు మోస్తుందో, మోటారుకు పనికొస్తుందో లేదో డబ్బా మీద రాసి ఉంటుంది. పాత చోకు ట్యూబ్‌లైటుకు కూడా సెన్సారు వద్దు. మాటిమాటికి వెలిగి ఆరితే ట్యూబు ఆయువు తగ్గుతుంది. ఎల్‌ఇడికి ఆ బెంగ లేదు. అన్నిటికన్న ముఖ్యం, వీడియో చూసి మన కుర్రవాళ్ళు స్టూలు ఎక్కి తామే పెట్టేస్తున్నారు. మెయిన్ ఆర్పకుండా ఎక్కిన వాణ్ణి ఒకణ్ణి మేమే కిందికి దించాము. లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి. సెన్సారు స్విచ్చు లాగే ఫేజు తీగను తెంచాలి. న్యూట్రల్‌ను తెంచితే లైటు ఆరినట్లే కనిపిస్తుంది గాని హోల్డరులో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయినవాడి ప్రాణానికి అది ముప్పు.

చివరకు మన హాలు. అందరూ దీని కోసమే ఎదురు చూస్తున్నట్లున్నారు. పైన 12 పంకాలు ఉన్నాయి, అన్నీ పాత 75 వాట్లవే. పోయిన నెల ఒక వలీమా విందు అయిన రాత్రి ఎవరూ ఆర్పలేదు. తాళం వేసినవారు పెళ్ళివారు ఆర్పారనుకున్నారు, పెళ్ళివారు తాళం వేసేవారు ఆర్పుతారనుకున్నారు. పది గంటలు తిరిగాయి. 9 యూనిట్లు. మన కాలనీలో నెలకు 90 యూనిట్లతో సర్దుకునే ఇళ్ళు ఉన్నాయి, అలాంటి ఇంటికి అది మూడు రోజుల కరెంటు. ఈ బిల్లు కట్టేది పిల్లల స్కాలర్‌షిప్పులు ఇచ్చే నిధిలో నుంచే. ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఇంట్లో స్విచ్చుకు యజమాని ఉంటాడు. హాలు స్విచ్చు అందరిదీ గనుక ఎవరిదీ కాదు. తనంతట ఆరే యంత్రం ఇలాంటి చోటుకే పుట్టింది.

అయితే 12 పంకాలకు 12 సెన్సార్లు వద్దని మా అభిప్రాయం. ప్రసంగం వింటూ మీరంతా ఇప్పుడు కూర్చున్నట్లు కదలకుండా కూర్చుంటే, ఎండాకాలంలో గాలి ఆగిపోతుంది, వక్తకు దెబ్బలు తగులుతాయి. తలుపు పక్కన ఒక మాస్టర్ స్విచ్చు, రాత్రి పదకొండు దాటితే తానే తెంచే ఒక టైమరు, ఇవి రెండూ చాలు. ఆలస్యమయ్యే విందులుంటే ఒక మీట నొక్కి గంట గంటకు పొడిగించుకునే వీలు ఉండాలి. మెట్ల లైటు, నీళ్ళ కూలరు మాత్రం ఆ మాస్టర్ స్విచ్చు కిందికి రాకూడదు. చీకట్లో మెట్లు దిగడం ఎలాంటిదో చెప్పాము కదా. డబ్బు కుదిరినప్పుడు ఏడాదికి నాలుగు పంకాల చొప్పున మార్చుకుంటే మూడేళ్ళలో అన్నీ 30 వాట్లవి అవుతాయి. కార్యవర్గానికి ఈ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాము. మిగతాది వాళ్ళు, మీరు తేల్చవలసిన విషయం.

బయట వరండాలో మా పిల్లలు ఒక చెక్క బోర్డు మీద అన్నీ బిగించి పెట్టారు. పాత బల్బు, ఎల్‌ఇడి, పెట్టె రెగ్యులేటరు, పిఐఆర్ సెన్సారు, టూవే స్విచ్చులు, పక్కన వాట్లు చూపే చిన్న మీటరు. ఒక్కొక్కటి వేసి ఆర్పి చూపిస్తారు. అట్టపెట్టె ఇల్లు కూడా తెచ్చారు, ఇప్పుడు కన్ను కొట్టడం లేదు. భోజనాలకు ఇంకా అరగంట ఉందట. మీ ఇంటి బిల్లు జేబులో ఉంటే తీసుకొని రండి, ఏ మెట్టు మీద ఉన్నారో వాళ్ళే లెక్క వేసి చెబుతారు. తీగలను మాత్రం ముట్టుకోకండి.